ఫీల్‌ఖానా నుంచి హాలీవుడ్ దాకా: సాబూ దస్తగిర్ కహానీ

బడికి సెలవులిచ్చిన మొదటి వారం. మా చిన్నమ్మాయి అల్లాదీన్ బొమ్మల సినిమా చూస్తోంది. డిస్నీ వాళ్లు 1992లో తీసిన సినిమా. నేను పక్కనే కూచుని ఆఫీసు కాపీ ఏదో దిద్దుకుంటున్నాను. ఉన్నట్టుండి సినిమా ఆపేసి నా వైపు తిరిగింది.

"అబ్బూ, కోతికి అబూ అని పేరు పెట్టారేంటి? అది మనుషుల పేరు కదా?"

దీనియాత్ పుస్తకంలో హజ్రత్ అబూబకర్ గురించి చదువుకుంటున్న వయసు. ఆ సవాల్ రావడం సహజమే. "కథ కదా బేటీ" అని అప్పటికి తప్పించుకున్నాను. రాత్రి ఖానా అయ్యాక మాత్రం మనసు ఊరుకోలేదు. పిలిచి చెప్పాను. ఆ అబూ అసలు కోతి కాదు. 1940లో వచ్చిన "థీఫ్ ఆఫ్ బాగ్దాద్" అనే సినిమాలో అబూ ఒక పిల్లాడు, దొంగ. ఆ పిల్లాడి వేషం వేసింది మన మైసూరు అడవుల్లో పుట్టిన ఒక ముస్లిం మావటి కొడుకు. ఆ సినిమాలోంచి డిస్నీ వాళ్లు జాఫర్ అనే దుష్ట వజీర్ పేరు తీసుకున్నారు. ఆటబొమ్మల పిచ్చి ఉన్న సుల్తాన్‌ని తీసుకున్నారు. అబూ పేరు కూడా తీసుకుని కోతికి పెట్టారు.

ఇద్దరం కలిసి ఆ పాత సినిమా చూశాం. మధ్యలో తను ఇంకో సవాల్ వేసింది: "ఈ అబ్బాయేనా హీరో?"

అవునని చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. ఆ పిల్లాడి జిందగీ మొత్తం ఆ సవాల్ చుట్టూనే తిరిగింది. తారీఖ్ పుస్తకాల్లో మన పిల్లలకు ఎదురుపడని ఒక పేరు కాబట్టి, అతని కహానీ ఇక్కడ రాస్తున్నాను.

మహావత్ ఇంటి పిల్లాడు

సాబూ 1924 జనవరి 27న మైసూరు సంస్థానంలోని కారాపురలో పుట్టాడు. కబిని నది పక్కన అడవి ఊరు. చుట్టుపక్కల కాకనకోటె అడవుల్లో మైసూరు రాజులు ఖెడ్డా నడిపేవాళ్లు. ఖెడ్డా అంటే అడవి ఏనుగుల మందను డప్పులతో, మంటలతో, మచ్చిక చేసిన ఏనుగులతో తరుముకొచ్చి, పెద్ద దుంగల ఆవరణలోకి తోలి పట్టుకోవడం. ఆ పట్టిన ఏనుగుల్ని లొంగదీసి, తిండి తినిపించి, మాట నేర్పించే పని మావటివాళ్లది. ఉర్దూలో మహావత్ అంటాం. ఏనుగుల్ని కట్టే చోటు ఫీల్‌ఖానా. హైదరాబాద్ బేగంబజార్ దగ్గరి ఫీల్‌ఖానాలో సామాన్లు కొన్నవాళ్లు చాలామందే ఉంటారు. ఆ పేరు అలా వచ్చిందే. ఇప్పుడక్కడ ఏనుగుల్లేవు, పేరు మిగిలింది.

మైసూరు దసరా ఊరేగింపు ఏనుగుల్ని నడిపిన మహావత్‌లలో ముస్లింలు ఎందరో ఉన్నారు. చాముండేశ్వరి అమ్మవారి పండుగ, ఏనుగు మెడ మీద ముస్లిం. దాన్ని వింతగా చూసినవాళ్లు అప్పుడెవరూ లేరు. మన దక్కన్ తహజీబ్ అలాంటిది. సాబూ తండ్రి అలాంటి ఒక రాజావారి మహావత్. తల్లి సాబూ పసితనంలోనే పోయింది. కొన్నేళ్లకు తండ్రి కూడా పోయాడు. యతీమ్ పిల్లాడికి దిక్కయినవి రెండే: రాజావారి ఫీల్‌ఖానా, పెద్దన్న దస్తగిర్.

1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా డైరెక్టర్ మైసూరు వచ్చాడు. 1922లో ఉత్తర ధ్రువం దగ్గరి ఇనుయిట్ జనం మీద "నానూక్ ఆఫ్ ది నార్త్" తీసి పేరు తెచ్చుకున్నవాడు. లండన్‌లో స్టూడియో నడుపుతున్న హంగేరీ యూదు నిర్మాత అలెగ్జాండర్ కోర్డా అతన్ని పంపించాడు. కిప్లింగ్ రాసిన ఏనుగుల కథను సినిమాగా తియ్యాలి. దానికి ఏనుగంటే బెదరని పిల్లాడు కావాలి. కెమెరామన్ ఆస్మండ్ బొరడేల్ కంట్లో పడ్డాడు సాబూ. అప్పటికి పదకొండేళ్లు. నటన అంటే ఏమిటో తెలియదు, ఇంగ్లిష్ రాదు. కానీ ఏనుగు తొండం పట్టుకుని మెడ మీదికి ఎక్కడం మన పిల్లలు సైకిలెక్కినంత సులువు అతనికి. కథలో కాలానాగ్ అనే పెద్ద ఏనుగు వేషానికి ఐరావత అనే మైసూరు ఏనుగును తీసుకున్నారు. నటిస్తున్నానని పిల్లాడికి అనిపించి ఉండదు. రోజూ చేసే పనే చేశాడు, పక్కన కెమెరా తిరిగింది.

ఫ్లాహర్టీ నెలల తరబడి ఫిల్మ్ ఖర్చుపెట్టాడు గానీ కథ అల్లలేదు. దాంతో కోర్డా అన్నదమ్ముల్ని ఇంగ్లండ్‌కు రప్పించి, తన తమ్ముడు జోల్టాన్ చేత మిగతా సినిమా డెన్‌హామ్ స్టూడియోలో తీయించాడు. 1937లో "ఎలిఫెంట్ బాయ్" వచ్చింది. వెనిస్ ఫిల్మ్ పండుగలో డైరెక్షన్ అవార్డు దానికే. జనం మాట్లాడుకున్నది డైరెక్షన్ గురించి కాదు, తలపాగా చుట్టుకుని పళ్లన్నీ కనిపించేట్టు నవ్వే పిల్లాడి గురించి. పదమూడేళ్లకే సాబూ స్టార్ అయిపోయాడు.

ఒక పేరు, ఇద్దరు అన్నదమ్ములు

ఇక్కడ పేరు సంగతి చెప్పాలి. సాబూ దస్తగిర్ అని ప్రపంచమంతా రాసింది. దస్తగిర్ ఈయన పేరు కాదు, అన్నగారి పేరు. సముద్రం దాటాక అన్న పేరే తమ్ముడికి ఇంటిపేరుగా అంటుకుంది. చివరిదాకా కాగితాల్లో అదే ఉండిపోయింది.

ఇది చదివి నాకు నవ్వొచ్చింది, కొంచెం కడుపులో కలుక్కుమంది కూడా. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో షేక్ ముందు ఉంటుంది. డిగ్రీ సర్టిఫికెట్‌లో వెనక్కి పోయింది. ఇంకో కార్డులో ఒక అక్షరం ఎక్కువ పడింది. ముగ్గురూ నేనే అని రుజువు చేసుకోవడానికి ఎన్ని దఫ్తర్ల చుట్టూ తిరిగానో నాకే తెలుసు. ఈ బ్లాగ్ చదివే ఖానదాన్‌లలో ఇలాంటి కాగజ్ బాధ లేని ఇల్లు ఉంటుందని నేననుకోను. మన పేర్లు రాసేవాళ్లకు ఏది పేరో, ఏది ఇంటిపేరో ఎప్పుడూ అర్థం కాదు.

అయినా దస్తగిర్ అన్న మాట ఎంత మంచిదో చూడండి. ఫార్సీలో దస్త్ అంటే చెయ్యి. గీర్ అంటే పట్టుకునేవాడు. పడిపోతున్నవాణ్ణి చెయ్యి పట్టి నిలబెట్టేవాడు దస్తగీర్. హజ్రత్ అబ్దుల్ ఖాదర్ జీలానీకి జనం ఆ లఖబ్ ఇచ్చుకున్నారు. అందుకే మన కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో వీధికో దస్తగిరి కనిపిస్తాడు. హిందూ ఇళ్లలో కూడా దస్తగిరులు, దస్తగిరమ్మలు ఉన్నారు. మా చిన్నప్పుడు గ్యార్మీ నెలలో దాదీ చేసిన మలీదా ఆ ఇళ్లకు కూడా పోయేది. జీలానీ గారి మజార్ ఉన్నది బాగ్దాద్‌లో. ఆయన పేరు మోసిన పిల్లాడు తెర మీద బాగ్దాద్ దొంగ కావడం కిస్మత్ ఆడిన ఆట.

తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కించింది ఆ దస్తగిరే. పరాయి ముల్క్‌లో తమ్ముడి బాగోగులు, లెక్కలు ఆయనే చూసుకున్నాడు.

డప్పు మోగింది, బొంబాయి మండింది

1938లో కోర్డా వాళ్లు సాబూతో "ది డ్రమ్" తీశారు. రంగుల సినిమా. వాయవ్య సరిహద్దు కొండల్లో ఒక చిన్న రియాసత్. మంచి రాజును తమ్ముడు గుల్ చంపేసి గద్దె ఎక్కుతాడు. ఇంగ్లిష్ దొరల్ని విందుకు పిలిచి ఊచకోత కొయ్యాలని చూస్తాడు. చనిపోయిన రాజు కొడుకు అజీమ్ దొరలకు దోస్త్. డప్పు కొట్టి వాళ్లను హెచ్చరించి కాపాడతాడు. ఆ అజీమ్ మన సాబూ. ఆ కొండలుగా కొన్ని సీన్లలో కనిపించేవి ఇంగ్లండ్ పక్కనున్న వేల్స్ కొండలు.

ఇంగ్లండ్‌లో సినిమా బాగా ఆడింది. మన దగ్గర మాత్రం బొంబాయిలో, మద్రాసులో జనం రోడ్ల మీదికొచ్చారు. ముస్లింలను దగాకోరులుగా, ఇంగ్లిష్ ఫౌజ్‌ను దేవదూతలుగా చూపించారని కోపం. సినిమాను ఆపెయ్యాల్సి వచ్చింది.

ఆ కోపం న్యాయమైనదే. ఆ రోజుల్లో సరిహద్దులో అసలు ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ మొదలుపెట్టాడు. తుపాకీ లేకుండా బయట అడుగుపెట్టని పఠాన్లు ఆయన మాట మీద ఉత్త చేతులతో నిలబడ్డారు. 1930 ఏప్రిల్‌లో పెషావర్ ఖిస్సా ఖ్వానీ బజార్‌లో ఆ ఉత్త చేతుల జనం మీద ఇంగ్లిష్ ఫౌజ్ కాల్పులు జరిపింది. ఎనిమిదేళ్ల తర్వాత తీసిన సినిమాలో మెషిన్ గన్ దొంగచాటుగా దాచుకున్నది పఠాన్లు, ప్రాణాలు పణంగా పెట్టింది ఇంగ్లిష్ దొరలు!

పద్నాలుగేళ్ల సాబూకి ఇందులో ఎంత అర్థమై ఉంటుంది? డైరెక్టర్ చెప్పిన చోట నిలబడ్డాడు, చెప్పిన మాట పలికాడు. కానీ అతని మొహమే ఆ సినిమాకు పనికొచ్చిన సాక్ష్యం. చూడండి, హిందుస్తాన్ పిల్లాడే మమ్మల్ని ప్రేమిస్తున్నాడు అని చెప్పుకోవడానికి. తన పేరున తన వాళ్లనే బద్నామ్ చేసే పనిలో ఒక పసివాణ్ణి వాడుకున్నారు. మనలో కొందరు ఈ కారణంగానే సాబూను మర్చిపోవడం మంచిదని అంటారు. నేను ఒప్పుకోను. సినిమా మీద కోపం ఉంచుకుందాం. పిల్లాడి మీద ఎందుకు?

బాగ్దాద్ దొంగ

"థీఫ్ ఆఫ్ బాగ్దాద్" 1939లో ఇంగ్లండ్‌లో మొదలైంది. మధ్యలో జంగ్ వచ్చి పడింది. లండన్ మీద బాంబులు పడే ఖత్రా. కోర్డా సామాను సర్దుకుని యూనిట్‌ను అమెరికాకు తరలించాడు. మిగతా సీన్లు హాలీవుడ్‌లో, గ్రాండ్ కాన్యన్ లోయ దగ్గర తీశారు. సాబూ హాలీవుడ్ చేరింది అలాగే. హిట్లర్ జర్మనీ వదిలి వచ్చిన కాన్రాడ్ వైట్ అందులో జాఫర్. ఆ సినిమాకు ఫొటోగ్రఫీకి, కళా దర్శకత్వానికి, ట్రిక్ పనికి మూడు ఆస్కార్లు వచ్చాయి.

కథలో బాద్షా అహ్మద్‌ను వజీర్ జాఫర్ జైల్లో వేయిస్తాడు. అక్కడ అబూ కలుస్తాడు. తాళంచెవి కొట్టేసి ఇద్దర్నీ బయటపడేస్తాడు. తర్వాత జాదూతో అహ్మద్ గుడ్డివాడవుతాడు, అబూ కుక్కయిపోతాడు. సముద్రం ఒడ్డున సీసాలోంచి కొండంత జిన్ బయటికొచ్చి అబూను తొక్కెయ్యబోతే, "ఇంత పెద్దవాడివి ఇంత చిన్న సీసాలో ఎలా పట్టావు, నేను నమ్మను" అన్న అర్థంలో మాటలు విసిరి మళ్లీ లోపలికి పంపిస్తాడు పిల్లాడు. మా చిన్నది ఆ సీన్ మూడుసార్లు వెనక్కి తిప్పించింది. కడుపుబ్బ నవ్వింది. ఎనభై ఏళ్లు దాటిన సినిమా, రంగుల బట్టలు, ఎగిరే చాప, దాని మీద ఒక నల్లటి పిల్లాడు.

మన తెలుగువాళ్లకు బాగ్దాద్ మోజు కొత్త కాదు. 1968లో ఎన్టీ రామారావు "బాగ్దాద్ గజదొంగ" వచ్చింది. మా అబ్బా ఆ సినిమా సంగతులు చెబుతుంటే నేను బాగ్దాద్ అంటే నంద్యాల అవతల ఎక్కడో ఉంటుందనుకునేవాణ్ణి.

ఇప్పుడు కూతురి సవాల్‌కు వద్దాం. సినిమాలో పనులన్నీ చేసింది ఎవరు? అబూ. జిన్‌ను లొంగదీసింది, అన్నీ చూపించే మణిని దొంగిలించింది, చివర్లో చాప మీద ఎగిరొచ్చి జాఫర్‌ను బాణంతో కొట్టింది అబూనే. షహజాదీ దక్కింది ఎవరికి? అహ్మద్‌కి. అహ్మద్ వేషం వేసింది జాన్ జస్టిన్ అనే తెల్ల ఇంగ్లిష్ నటుడు. బాగ్దాద్ బాద్షా తెల్లవాడు, బాగ్దాద్ దొంగ హిందుస్తానీ.

ఇది ఆ ఒక్క సినిమాతో ఆగలేదు. 1942లో "జంగిల్ బుక్"లో మోగ్లీ వేశాడు. తోడేళ్ల మధ్య పెరిగిన పిల్లాడు కాబట్టి అక్కడ అతనే హీరో. ఆ తర్వాత యూనివర్సల్ కంపెనీ "అరేబియన్ నైట్స్", "వైట్ సావేజ్", "కోబ్రా వుమన్" వరసగా తీసింది. మూడింట్లోనూ హీరో జాన్ హాల్, హీరోయిన్ మరియా మాంటెజ్. సాబూ మూడింట్లోనూ హీరోగారి చలాకీ దోస్త్.

అదే కోర్డా దగ్గర మెర్ల్ ఓబెరాన్ అనే తార ఉండేది. 1911లో బొంబాయిలో పుట్టింది. తాను ఆస్ట్రేలియా దగ్గరి టాస్మేనియాలో పుట్టానని జిందగీ అంతా చెప్పుకుంది. 1935 నాటి సినిమాకు ఆస్కార్ నామినేషన్ దక్కింది. 1939లో కోర్డాను నికాహ్ చేసుకుంది. ఆమెకు హీరోయిన్ వేషాలు వచ్చాయి, ఎందుకంటే తన రంగును, తన వాళ్లను దాచుకుంది. సాబూ ఏదీ దాచుకోలేదు. దాచుకునే వీలూ లేదు. అతనికి దక్కినవి తలపాగా, గోచీ, ఏనుగు. ఒకరికి షనాఖ్త్ దాచుకోవడమే షరతు, ఇంకొకరికి అది తప్ప ఇంకేదీ చూపించకపోవడం షరతు.

ఇది రాస్తుంటే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు డిగ్రీ చేసి, ఒక పేపర్లో చేరాను. ఛందస్సు మీద, రాయలసీమ కథ మీద రాద్దామని ఆశ. మొదటి రంజాన్‌కు హలీమ్ మీద రాయమన్నారు. రాశాను. బాగుందన్నారు. ఆ తర్వాత ప్రతి రంజాన్‌కు హలీమ్, ప్రతి బక్రీద్‌కు మేకల సంత, ప్రతి మొహర్రంకు పీర్లు. జిల్లా నీళ్ల గొడవ మీద రాస్తానంటే "అది వేరేవాళ్లు చూస్తారులే భాయ్" అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఇజ్జత్‌గానే చూశారు. నా ఇంట్లో పొయ్యి వెలిగింది కూడా ఆ హలీమ్ వ్యాసాల వల్లే. అందుకే సాబూను చూసి "ఎందుకు ఒప్పుకున్నాడు" అని అడగబుద్ధి కాదు. ఇచ్చిన వేషం బాగా వెయ్యడం కూడా మెహనతే. కానీ ఇంకో వేషం ఎప్పటికీ ఇవ్వరని తెలిసిన రోజు మనిషి లోపల ఏదో ఒకటి చల్లబడిపోతుంది.

ఫౌజీ సాబూ

ఆ రోజుల్లో అమెరికాలో హిందుస్తానీలకు పౌరసత్వం ఇచ్చేవాళ్లు కాదు. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, అమెరికా ఫౌజ్‌లో పనిచేసినవాడు, 1923లో సుప్రీంకోర్టు దాకా పోయి ఓడిపోయాడు. హిందుస్తానీ తెల్లవాడు కాదు కాబట్టి పౌరుడు కాలేడని తీర్పు. ఆ కానూన్ 1946లో గానీ మారలేదు. దానికి రెండేళ్ల ముందే, 1944లో, జంగ్ నడుస్తుండగా సాబూ అమెరికా పౌరుడయ్యాడు. వైమానిక దళంలో పనిచేశాడు.

సినిమా స్టార్లను ఫౌజ్‌లో సాధారణంగా సభల్లో నిలబెట్టి చందాలు వసూలు చేయించేవాళ్లు. సాబూ బి-24 లిబరేటర్ బాంబర్ విమానంలో గన్నర్‌గా వెళ్లాడు. విమానం తోక దగ్గర, పొట్ట కింద వేలాడే గాజు గోళంలో కూచుని తుపాకీ పేల్చే పని. మనిషి పొట్టిగా, సన్నగా ఉండాలి. పారిపోయే దారి ఉండదు. పసిఫిక్ సముద్రం మీద అలా డజన్ల సార్లు ఎగిరాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే బహదురీ పతకం వచ్చింది. ఎగిరే చాప మీద పిల్లాడిని చూసి చప్పట్లు కొట్టినవాళ్లకు ఈ ఎగరడం గురించి తెలిసింది తక్కువ.

వతన్ వద్దనలేదు, రమ్మనలేదు

జంగ్ అయ్యేసరికి సాబూ పెద్దవాడయ్యాడు. అదే నేరమైంది. చిన్నపిల్లాడి నవ్వును కొన్న జనానికి పెద్దమనిషి అక్కర్లేదు. 1947లో "బ్లాక్ నార్సిసస్" మంచి సినిమా. హిమాలయాల్లో క్రైస్తవ సన్యాసినుల కథ. మొత్తం ఇంగ్లండ్‌లోనే తీశారు. అందులో సాబూ నగలూ పట్టుబట్టలూ తొడుక్కున్న చిన్న జమీందార్. అతను ఇష్టపడే కాంచీ అనే పిల్ల వేషం జీన్ సిమన్స్‌ది. ఇంగ్లిష్ అమ్మాయికి మొహాన గోధుమ రంగు పూసి నిలబెట్టారు. అసలు రంగు ఉన్న నటుడు ఒకడు పక్కనే ఉన్నాడు, అయినా రంగు డబ్బా తెరవక తప్పలేదు వాళ్లకు.

1948లో మ్యారిలిన్ కూపర్ అనే నటిని పెళ్లాడాడు. పాల్, జాస్మిన్ అని ఇద్దరు పిల్లలు. వేషాలు తగ్గిపోయాయి. లండన్‌లో సర్కస్‌లో ఏనుగుల ఆట చూపించాడు. 1952లో ఇటలీలో "బొన్‌జోర్నో, ఎలిఫాంతె" అనే సినిమా. విట్టోరియో డి సికా అందులో పేద స్కూల్ మాస్టర్. సాబూ అతనికి ఏనుగును తోఫాగా ఇచ్చే తూర్పు దేశపు దొర. ఎక్కడికెళ్లినా ఏనుగు వెంటే వచ్చింది.

అప్పుడొక తలుపు తెరుచుకుంది. మెహబూబ్ ఖాన్ తన "ఔరత్"ను మళ్లీ పెద్ద ఎత్తున తియ్యాలనుకున్నాడు. అదే "మదర్ ఇండియా". అందులో తల్లి మీద ప్రాణం పెట్టుకున్న తిరుగుబాటు కొడుకు బిర్జూ వేషానికి సాబూను అనుకున్నాడు. ఆలోచించండి. తలపాగా రాకుమారుడు కాదు, దొరల దోస్త్ కాదు. మన మట్టిలోని రైతు కొడుకు, సాహుకార్ లెక్కల పుస్తకాలను తగలబెట్టే బిర్జూ. సాబూ లాస్ ఏంజెలెస్ నుంచి బొంబాయి వచ్చాడు. హోటల్‌లో దిగాడు. నెలనెలా మెహబూబ్ పైసలిచ్చాడు. షూటింగ్ మొదలవడం ఆలస్యమైంది. వర్క్ పర్మిట్ దొరకలేదు. అమెరికా పౌరుడు కదా, హిందుస్తాన్‌లో పనిచెయ్యాలంటే ఇజాజత్ కావాలి. కారాపురలో పుట్టిన మనిషికి!

చివరికి ఆ వేషం సునీల్ దత్‌కు పోయింది. 1957లో సినిమా వచ్చింది. మన దేశం నుంచి విదేశీ చిత్రాల ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన మొదటి సినిమా అదే. సునీల్ దత్ గొప్పగా చేశాడు, అందులో షక్ లేదు. కానీ నేను ఆ సినిమా ఎప్పుడు చూసినా బిర్జూ నవ్వే చోట ఒక్క క్షణం ఇంకో మొహం కనిపిస్తుంది.

తప్పు ఎవరిదని వెతికితే పేరు పెట్టి చెప్పడానికి ఎవరూ దొరకరు. అమెరికా అతని చేత తుపాకీ పట్టించింది గానీ హీరో వేషం ఇవ్వలేదు. హిందుస్తాన్ హీరో వేషం ఇవ్వబోయింది గానీ కాగజ్ అడిగింది. రెండు ముల్క్‌ల మధ్య ఒక మనిషి హోటల్ గదిలో కూచుని పిలుపు కోసం ఎదురుచూశాడు.

చెయ్యి వదిలిన రోజు

కాలిఫోర్నియాలో అన్నదమ్ములకు ఫర్నిచర్ వ్యాపారం ఉండేది. 1960లో హాలీవుడ్ వీధి ఫుట్‌పాత్ మీద సాబూ పేరుతో సితారా వేశారు. అదే ఏడాది ఫర్నిచర్ దుకాణంలో దోపిడీకి వచ్చినవాళ్లు అన్న దస్తగిర్‌ను చంపేశారు. మైసూరు అడవుల్లో ఏనుగుల మధ్య బతికి బయటపడ్డ మనిషి, పరాయి ఊళ్లో గల్లాపెట్టె దగ్గర పోయాడు. చిన్నప్పటి నుంచీ పట్టుకున్న చెయ్యి వదిలేసింది. పేరు మాత్రం తమ్ముడి దగ్గరే ఉండిపోయింది.

సాబూ కూడా ఎన్నో రోజులు లేడు. 1963 డిసెంబర్ 2న గుండెపోటుతో ఇంతెఖాల్ అయ్యాడు. ముప్పై తొమ్మిదేళ్లు. నాకంటే చిన్నవాడు. కొడుకు పాల్‌కు అప్పటికి పన్నెండేళ్లు, కూతురు ఇంకా చిన్నది. తండ్రి పోయిన పిల్లల బాధ ఆ ఇంట్లో రెండో తరానికి కూడా వచ్చింది. ఆఖరి సినిమా డిస్నీ వాళ్లదే, "ఎ టైగర్ వాక్స్". పోయిన తర్వాత 1964లో విడుదలైంది. అందులో కూడా జంతువుల్ని సాకే రామ్ సింగ్ అనే హిందుస్తానీ వేషం.

పాల్ పెద్దయ్యాక రాక్ సంగీతంలోకి వెళ్లాడు. జాస్మిన్ సినిమాల్లో గుర్రాలకు, జంతువులకు తర్ఫీదు ఇచ్చే పని చేసింది. తాత మహావత్. ఆ హునర్ సముద్రాలు దాటి, ఆడపిల్ల చేతుల్లోకి వచ్చి మళ్లీ బతికింది. 1978లో జాన్ ప్రైన్ అనే అమెరికా గాయకుడు సాబూ ఒంటరితనం మీద ఒక పాట కట్టాడు. మనవాళ్లు ఎవరైనా కట్టారా అని వెతికాను. నాకు దొరకలేదు.

ఆ రాత్రి సినిమా చివరి సీన్ దగ్గర మా చిన్నది నిద్ర ఆపుకుని కూచుంది. అహ్మద్ మళ్లీ బాద్షా అవుతాడు. నిండు దర్బార్‌లో అబూను పొగుడుతాడు. ఇతన్ని మదర్సాలో వేసి చదివిస్తాను, తర్వాత నా వజీర్‌ను చేసుకుంటాను అంటాడు. బడి మాట వినగానే అబూ మొహం మాడిపోతుంది. మెల్లగా చాప ఎక్కి ఆకాశంలోకి ఎగిరిపోతాడు.

"బడి తప్పించుకున్నాడు!" అని మా చిన్నది చప్పట్లు కొట్టింది. తర్వాత కాసేపు ఊరుకుని, "అబ్బూ, వీడే హీరో" అంది.

సెలవులయ్యాక దాని ఆధార్‌లో పేరు దిద్దించాలి. షేక్ ముందు ఉండాల్సింది, వెనక పడింది. ఆ లైన్‌లో నిలబడినప్పుడు దస్తగిర్ అన్న మాటకు అర్థం కూడా చెప్పాలి. ఆ రాత్రి నిద్ర ముంచుకొచ్చేసింది, అది చెప్పడం మిగిలిపోయింది.